దొంగచోటు

జూన్ 9, సోమవారం.

మబ్బు. వాన పడలేదు. మేడ మీది నీళ్ళ ట్యాంకు కడిగాను. అడుగున పాచి బాగా పట్టింది. బంగాళాదుంపలు, టీ పొడి, మెట్ల మీదికి బల్బు కొన్నాను.

అత్తయ్య సగం అన్నమే తిన్నారు. నేనూ అంతే. ఎదురెదురుగా కూర్చుని ఒకరి పళ్ళెంలోకి ఒకరం చూడకుండా తినడం ఇద్దరికీ అలవాటైపోయింది. నా భార్య ఉన్నప్పుడు మా ఇద్దరి మధ్యా మాటలు తనే మోసేది. "అమ్మా, ఆయనకి ఇంకాస్త కూర కావాలట." "ఏమండీ, అమ్మకి కళ్ళజోడు వదులైందట." చలికాలంలో తను పోయాక మోసే మనిషి లేదు.

చెప్పుల స్టాండులో చెంచా ఉంది. తీసి కడిగి పెట్టాను.

జూన్ 11, బుధవారం.

ఎండ. బంగాళాదుంపల బుట్టలో అలారం గడియారం దొరికింది. నడుస్తూనే ఉంది.

చెంచా పడిపోయి ఉంటుందనుకున్నాను. గడియారం అలా పడదు. వంటింటి నేల మీద కాసేపు కూర్చున్నాను.

ఈ పుస్తకం ఇంటి లెక్కలకు. వేరేవి రాయకూడదు. కానీ నేను ఫ్యాక్టరీ స్టోరులో సామాను దించే పనికి చేరి, పెట్టెల మీది అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నవాణ్ణి. రాస్తే గానీ నాకు ఏదీ నిజమనిపించదు. అందుకని రాస్తున్నాను.

ఇది తనూ నేనూ ఆడుకునే ఆట. పెళ్ళయిన కొత్తలో తనే మొదలుపెట్టింది. దొంగచోటు అనేది. ఒకళ్ళు ఇంట్లో ఒక వస్తువుని దానిది కాని చోట పెట్టాలి. రెండోవాళ్ళు కనిపెట్టి దాన్ని మళ్ళీ దాని చోటికి చేర్చాలి. ఆ పైన తమ వంతుగా ఇంకోదాన్ని ఇంకెక్కడో పెట్టాలి. దాని గురించి మాత్రం ఎవరితోనూ, ఆడేవాళ్ళతో కూడా, పైకి అనకూడదు. నవ్వుకోవచ్చు. నోరు జారినవాళ్ళు ఓడినట్టు. ఆట అంతటితో సరి.

స్టోరుకీపరుకి ఇలాంటి ఆట నేర్పడం ఏమిటని మొదట్లో ఒళ్ళు మండేది. పగలంతా ప్రతి నట్టూ దాని అరలో ఉందో లేదో చూసి ఇంటికొస్తే షేవింగు బ్రష్షు పూలసీసాలో ఉండేది. తర్వాత్తర్వాత మెట్లెక్కుతుంటేనే నవ్వొచ్చేది.

ఈ ఆట మా ఇద్దరికే తెలుసు.

జూన్ 13, శుక్రవారం.

ఏమీ కదల్లేదు. ఇల్లంతా చూశాను, మంచాల కింద కూడా. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

జూన్ 14, శనివారం.

వంతు నాది. అంత చిన్న విషయం తట్టలేదు. తను ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది.

పనికి పోయేముందు సబ్బుపెట్టెని బ్రెడ్డు డబ్బాలో పెట్టాను.

జూన్ 15, ఆదివారం.

సన్నని జల్లు. సబ్బుపెట్టె స్నానాలగదిలో ఉంది. క్యాలెండరు ఉండే మేకుకి గొడుగు వేలాడుతోంది. క్యాలెండరుని చుట్టి గొడుగు పిడిలో దూర్చారు.

అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తున్నారు. ఆవిడకి చెప్పలేదు. పెద్దావిడ, భయపడతారు.

తనే.

జూన్ 19, గురువారం.

స్టోరులో కొత్త బేరింగులు దిగాయి. దింపించి అరల్లో సర్దించాను. క్యాంటీన్లో ఫోర్‌మన్ నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఏం స్టోరూ, రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నావ్. ఇంటికెవరైనా వచ్చారా ఏంటి?"

"ఎవరొస్తారు?"

"ఏమో మరి. ఇన్నాళ్ళూ ముఖం తుప్పు పట్టిన బోల్టులా పెట్టుకుని తిరిగావు. ఎవరో నూనె పోసినట్టున్నారు."

నవ్వాను. ఇంటికెవరూ రాలేదన్న నా మాట అబద్ధమా కాదా అని బస్సులో అంతసేపూ ఆలోచించాను. దిగాల్సిన చోటు దాటిపోయింది. వెనక్కి నడిచాను. నడక బాగుంది.

ఇంట్లో నా బనీను దిండు గలీబుగా మారింది. దిండుకి చేతులొచ్చినట్టుంది.

జూన్ 22, ఆదివారం.

భోజనం చేసి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. తలుపు ఓరగా ఉంది. ముందుగదిలో ఏదో గీరుకున్నట్టు చప్పుడైతే తల ఎత్తి చూశాను.

అత్తయ్య. చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద నడుస్తూ, నా టిఫిను డబ్బాని రెండు చేతులా పట్టుకుని కిటికీ అంచు మీద పెట్టారు. పెట్టుకున్న కళ్ళజోడు తీసి దానికి తగిలించారు. ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసి, డబ్బాని కొంచెం వీధి వైపు తిప్పారు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

జూన్ 23, సోమవారం.

తను కాదు.

జూన్ 24, మంగళవారం.

వాన. గొడుగు తీసుకెళ్ళలేదు. స్టోరులో ఒక పెట్టె మీద చీటీ తప్పు అంటించాను. ఫోర్‌మన్ చూసి సరిచేశాడు.

చలికాలంలో ఒకసారి పోయింది. ఇప్పుడు మళ్ళీ పోయింది. అత్తయ్య మీద కోపం వస్తోంది. ఆవిడ తప్పేమీ చెయ్యలేదు.

ఏమీ పెట్టలేదు. టిఫిను డబ్బా తీసి కడిగాను.

జూన్ 25, బుధవారం.

వాన. అత్తయ్య అన్నం కెలుకుతూ కూర్చున్నారు. అరల వైపు, తలుపు వెనక్కి చూస్తున్నారు. నేను లేవబోతుంటే ఆపారు.

"అల్లుడుగారూ, ఇంట్లో మీకేమైనా తేడాగా ఉందా?"

"తేడా అంటే ఏంటండీ?"

"ఏం లేదులెండి. పైకి అనకూడదు. రెండ్రోజులుగా ఏమీ లేకపోయేసరికి నాకే భయమేసింది." గ్లాసు పక్కకి జరిపి, "ఇప్పటిది చెప్పకూడదు గానీ అప్పటిది చెప్పొచ్చు. అప్పటిది చెబితే తప్పులేదు" అన్నారు.

చెప్పారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవారు. ఇంట్లో చూసేవాళ్ళు లేక పిల్లని లోపల పెట్టి తాళం వేసి పోయేవారు. "ఒక్కతే ఉండాలంటే ఏడ్చేది. అందుకని రోజూ ఒక వస్తువు తప్పుచోట పెట్టి పోయేదాన్ని. వెతుక్కుంటూ ఏడుపు మర్చిపోయేది. సాయంత్రం నేనొచ్చేసరికి నాకోసం ఒకటి పెట్టి ఉంచేది. తమ్ముడు పుట్టాక వాణ్ణీ దాని దగ్గరే వదిలి పోయేదాన్ని. ఇంట్లో ఎవరో తోడున్నట్టు ఉంటుందమ్మా అనేది."

ఈ ఆట మా ఇద్దరికే తెలుసని పైన రాశాను. తను నాకు నేర్పింది తన తల్లి దగ్గర నేర్చుకున్న ఆట.

"మొన్న బ్రెడ్డు డబ్బా మూత తీస్తే సబ్బుపెట్టె ఉందండీ. ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి ఈ ఇంట్లోనే ఉన్నట్టు మీకు అనిపించదూ?"

నేను ఏమనుకున్నానో ఆవిడా అదే అనుకున్నారు. నేను పెట్టినవన్నీ ఆవిడకి కూతురు పెట్టినవి. నిజం చెబితే ఆవిడకీ నాకైనట్టే అవుతుంది.

"అనిపిస్తుందండీ" అన్నాను.

పళ్ళెంలో అన్నం మొత్తం తిన్నారు.

"సబ్బుపెట్టెకి ముందు ఏమీ లేదాండీ?" అని అడిగాను.

"లేదే. అదే మొదలు."

చెంచా సంగతీ, గడియారం సంగతీ ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూన్ 26, గురువారం.

తెరిపి. తను అయితే ఏం పెడుతుంది అని పొద్దున్నుంచీ ఆలోచించాను. తను ఎప్పుడూ సులువైనది పెట్టేది కాదు. అలాగని కష్టమైనదీ కాదు. కనబడగానే ఎదుటివాళ్ళకి తమ మీద తమకే నవ్వు రావాలి.

అత్తయ్య దువ్వెనని రేడియో మీద నిలబెట్టి, దాని పళ్ళ మధ్య బట్టల క్లిప్పులు వరసగా గుచ్చాను. తీగ మీద పిట్టలు కూర్చున్నట్టు వచ్చింది.

జూన్ 30, సోమవారం.

ఒక్క వస్తువే అని నియమం. ఎప్పుడు దాటామో తెలియదు. నిన్న కుర్చీ మీద బంగాళాదుంపల్ని వరసగా కూర్చోబెట్టి సీసా మూతలు టోపీలుగా పెట్టాను. ఒకటి చాలా లావుది, దాని ముందు నా కాలిక్యులేటరు పెట్టాను. అది మా మేనేజరు. ఇవాళ వచ్చేసరికి మేనేజరు ముక్కు మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉంది. అత్తయ్య మా మేనేజర్ని ఒక్కసారే చూశారు, తను పోయిన రోజు. ఆయనకి అక్కడే మచ్చ ఉంది.

మెట్ల మీద నుంచే ఆవిడ పాట వినిపించింది. నన్ను చూసి ఆపేశారు.

జూలై 2, బుధవారం.

ఉక్క. కెటిల్ మాడింది. నీళ్ళు లేకుండా పొయ్యి మీదే ఉంది. ఇంట్లో పొగ. అత్తయ్య పక్కగదిలో బట్టలు మడత పెడుతున్నారు. కెటిల్ తోమాను, నలుపు పూర్తిగా పోలేదు.

ఇదీ ఒక వంతే అయి ఉంటుంది. కాస్త మోటుగా ఉంది, అంతే.

జూలై 4, శుక్రవారం.

నిన్న స్టోరు నుంచి తెచ్చిన పాత అట్టపెట్టెతో పొద్దున్నే గోడకి నేల దగ్గర చిన్న తలుపు చేసి అంటించాను. గడియ, పిడి, పైన కిటికీ కూడా. చేస్తున్నంతసేపూ టీ తాగడం మర్చిపోయాను. చేతులకి ఇంత పని తెలుసని నాకు తెలియదు.

సాయంత్రానికి ఆ తలుపు ముందు పిండితో చేసిన చెప్పుల జత ఉంది. గోరంత ఉన్నాయి. ఒకటి కొంచెం అరిగినట్టు చేశారు. తన ఎడమ చెప్పు ఎప్పుడూ అలాగే అరిగేది.

వాటిని కదపలేదు. నా వంతు పోతే పోయింది.

జూలై 5, శనివారం.

అత్తయ్య చెప్పు ఒకటి కింద మెట్ల దగ్గర దొరికిందని కింది వాటాలో ఉండే టైలరమ్మ తెచ్చిచ్చింది. "పెద్దమ్మగారు గేటు దాకా వచ్చి ఎటెళ్ళాలో తెలియనట్టు నిలబడ్డారన్నా. నేనే చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చా."

మెట్ల దగ్గర చెప్పు. మంచి చోటే.

జూలై 9, బుధవారం.

వస్తువు పెట్టి వెనక్కి జరిగి చూసుకునేటప్పుడు కింది పెదవి కొరుకుతున్నాను. అద్దం ఎదురుగా ఉండబట్టి తెలిసింది. అది నా అలవాటు కాదు. తనది.

మానలేదు.

జూలై 13, ఆదివారం.

ఎండ. దుప్పట్లు ఆరేస్తున్నాను. బావమరిది చెప్పకుండా వచ్చాడు.

ముందుగదిలోంచి కేక వినబడితే పరుగెత్తాను. అత్తయ్య పొద్దున్నే నా యూనిఫారం చొక్కాలో దిండు కుక్కి కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్ళో పేపరు, తల చోట బోర్లించిన గిన్నె. నేను దాని ముందు టీ కప్పు పెట్టాను. బావమరిది గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"బావా, ఇదేంటి?"

"చొక్కా."

"చొక్కా అని నాకూ కనబడుతోంది!"

మంచినీళ్ళకని ఫ్రిజ్ తెరిచాడు. లోపల ఇస్త్రీపెట్టె ఉంది. తలుపు మూసి, మళ్ళీ తెరిచి చూశాడు.

"అమ్మా, ఇవన్నీ ఎవరు పెట్టారు?"

అత్తయ్య పెదవులు బిగించి నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"నిన్నేనమ్మా. నువ్వేనా? చెప్పు."

ఆవిడ చెప్పరు. చెబితే కూతురు పోతుంది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగినా నోరు తెరవలేదు. కొడుక్కి అది ఎలా కనిపించి ఉంటుందో నాకు తెలుసు.

తర్వాత నన్ను మెట్ల మీదికి పిలిచాడు. కెటిల్ సంగతీ, గేటు సంగతీ టైలరమ్మ చెప్పేసిందట.

"నువ్వు పొద్దున పోతే సాయంత్రం దాకా రావు. అమ్మ ఒక్కతే ఏం చేసుకుంటుందో తెలియదు. వచ్చే ఆదివారం తీసుకుపోతాను. మా ఇంట్లో గది ఉంది, పగలు చూసుకోడానికి మనిషిని పెడతాను."

"అవి పెట్టింది నేను."

"ఏవి?"

"టీ కప్పు. బంగాళాదుంపలు. ఇస్త్రీపెట్టె."

"మరి కెటిల్?"

నేను మెట్ల మీది బల్బు వైపు చూశాను.

"అమ్మ మీద ప్రేమతో అబద్ధాలు చెప్పకు బావా. నిజమైతే అమ్మ ఎదురుగా చెప్పు. ఆవిడ అవునంటే నోరు మూసుకుంటాను." దిగుతూ మళ్ళీ ఆగాడు. "ఆ ఇంట్లో మీరిద్దరూ ఎలా పడుకుంటున్నారో నాకు అర్థం కావట్లేదు."

గేటు దాటేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి మా తలుపు వైపు చూశాడు. కొడుకు తల్లి కోసం భయపడితే అలా ఉండదు. చిన్నపిల్లాడు చీకటిగదిని చూసి భయపడినట్టుంది.

జూలై 14, సోమవారం.

"నన్ను తీసుకుపోతాడట" అన్నారు అత్తయ్య.

"అవునండీ."

"వాడు మంచివాడే. కోడలూ మంచిదే." అన్నం కలుపుతూ ఉండిపోయారు. "నేను పోతే అది ఎవరితో ఆడుకుంటుంది?"

జూలై 16, బుధవారం.

ఆవిడ ఏమీ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

జూలై 17, గురువారం.

వాన. చెంచా గురించి రాయాలి.

చెంచాని చెప్పుల స్టాండులో ఎవరూ కావాలని పెట్టలేదు. గడియారాన్నీ పెట్టలేదు. అత్తయ్య ఏదో పని మీద పోతూ చేతిలో ఉన్నదాన్ని ఎక్కడో వదిలి మర్చిపోయారు. నేను దాన్ని వంతు అనుకుని జవాబిచ్చాను. నా జవాబుని ఆవిడ వంతు అనుకున్నారు. ఈసారి ఆటని మొదలుపెట్టినవాళ్ళు లేరు.

నోరు మూసుకుంటే ఆవిడ పోతారు. తెరిస్తే ఆవిడ కూతురు పోతుంది. ఈ పూటంతా స్టోరులో ఇదే. ఫోర్‌మన్ ఏదో వేళాకోళం ఆడాడు, వినపడలేదు.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఆవిడ పోతే ఈ ఇంట్లో ఉన్నచోటే ఉండే సామానుతో నేనొక్కణ్ణి మిగులుతాను. ఆవిడ కోసమే ఆలోచిస్తున్నానని చెప్పుకుంటే అది పూర్తి నిజం కాదు.

జూలై 20, ఆదివారం.

మబ్బు. బాత్రూము కడిగాను. బావమరిది వచ్చాడు. అత్తయ్య సంచీ సర్దుకుని తలుపు దగ్గర పెట్టుకున్నారు. అట్టతలుపు ముందున్న పిండి చెప్పుల్ని కాగితంలో చుట్టి అందులో పెట్టుకోవడం చూశాను.

అప్పుడన్నాను. "అత్తయ్యా, సబ్బుపెట్టెని బ్రెడ్డు డబ్బాలో పెట్టింది నేను."

ఆవిడ చేతులాగాయి. తలెత్తలేదు.

"దువ్వెన మీద పిట్టలు నేను. ఆ తలుపు నేను. మీకు కనిపించినవన్నీ నేనే."

"పైకి అనకూడదు" అన్నారు చాలా మెల్లగా.

"అన్నాను. ఓడిపోయాను."

"ఏం ఆట? ఎవరు ఓడిపోయారు?" అని బావమరిది అడిగాడు.

అత్తయ్య సంచీ మీద కూర్చుండిపోయారు. కొడుకుతో మాట్లాడుతున్నా చూపు నా మీదే ఉంది. "మీ అక్కా నేనూ ఆడుకునేవాళ్ళంరా. ఒక వస్తువు తప్పుచోట పెట్టడం, రెండోవాళ్ళు వెతకడం. నేను డ్యూటీకి పోయినప్పుడు దానికి భయం వెయ్యకుండా."

అతను అట్టతలుపు వైపు, తర్వాత తల్లి వైపు చూశాడు.

"అంటే... బియ్యంలో దువ్వెన?"

"నేనే."

"నా బూటు లాంతరు పక్కన?"

"అది మీ అక్క."

"తలుపు వెనకాల నాన్న కోటు, దానికి చేట ముఖం?"

"అది కూడా అదే. బాగా చేసింది."

అతను గోడకి ఆనుకుని జారి నేల మీద కూర్చున్నాడు. "నేను దయ్యం అనుకునేవాణ్ణమ్మా. ఇంట్లో దయ్యం ఉందనీ, మీ ఇద్దరికీ తెలిసి కూడా నా దగ్గర దాస్తున్నారనీ. లాగుల్లో పోసుకునేవాణ్ణి."

"తెలుసు. ఉతికింది నేనేగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఓడిపోతాంగా."

"ఇన్నేళ్ళమ్మా! నాకు పిల్లలు పుట్టారు. ఇప్పటికీ లైటు ఆర్పాలంటే మా ఆవిడని పంపిస్తాను!"

"నువ్వు అడగలేదురా నాయనా."

అతను నవ్వాడు. నవ్వుతూ ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అత్తయ్య లేచి వెళ్ళి తల మీద చెయ్యి వేశారు.

"కెటిల్ మాడ్చింది నేనే. మర్చిపోయాను, అది ఆట కాదు. గేటు దాకా ఎందుకెళ్ళానో తెలియదు. అదీ ఆట కాదు. నాకు తెలుసురా. మీ ఇద్దరూ నాకు తెలియదనుకుని నన్ను కాపాడుతున్నారు." కొడుకు తల నిమిరారు. "మీ ఇంట్లో నేను చెంచా తప్పుచోట పెడితే జబ్బంటారు. ఇక్కడ వంతనేవాళ్ళు."

అనేవాళ్ళు, అన్నారు. నా వైపు చూడలేదు.

సంచీ మళ్ళీ లోపలికి తెచ్చింది బావమరిదే. కొన్నాళ్ళు చూద్దామన్నాడు. మధ్యాహ్నాలు టైలరమ్మ తన కుట్టుపని పైకి తెచ్చుకుని కూర్చుంటుంది. ఎవరూ లేనప్పుడు గ్యాసు కింద సిలిండరు దగ్గరే కట్టేసి పోవాలి. ఒప్పుకున్నాను.

జూలై 21, సోమవారం.

అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

జూలై 22, మంగళవారం.

అన్నీ ఉన్నచోటే. అత్తయ్య కిటికీ దగ్గర. సగం అన్నం.

జూలై 24, గురువారం.

వాన. పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చున్నాక అత్తయ్య అడిగారు.

"అన్నీ మీరేనా?"

"నేనేనండీ."

"ఒక్కటైనా... మీది కానిది?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్కటి చెబితే చాలు. గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను.

"లేదండీ."

ఆవిడ తలూపారు.

"గొడుగు చూసి నేను తనే అనుకున్నాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. "మీరని తెలిసేదాకా. వారం రోజులు అలాగే ఉన్నాను."

అత్తయ్య నా ముఖంలోకి చూశారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నన్ను అలా తిన్నగా చూసిన గుర్తు లేదు.

"మరి తెలిశాక ఏం చేశావు నాయనా?"

"గోడ వైపు తిరిగి పడుకున్నాను."

"నేనూ ఆదివారం అంతే" అన్నారు. నా పళ్ళెం తన వైపు లాక్కుని అన్నం వడ్డించి మళ్ళీ తోశారు. ఎవరం ఎక్కువ తినలేదు. కానీ ఒకరి పళ్ళెంలోకి ఒకరం చూసుకుంటూనే తిన్నాం.

జూలై 27, ఆదివారం.

ఇంట్లో అడుగుపెడితే స్టోరులో ఉన్నట్టుంది. ఏదో ఒకటి పెడదామని చెంచా చేతిలోకి తీసుకున్నాను. ఎవరి తరఫున పెట్టాలో తెలియక మళ్ళీ చెంచాల దగ్గరే పెట్టాను. తన తరఫున పెట్టడం తెలుసు. నా తరఫున నాకు చేతకాదు.

తను ఇప్పుడు నిజంగానే లేదు. ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

జూలై 29, మంగళవారం.

తెరిపి. ఇవాళ పనికి సెలవు పెట్టాను. కిటికీ ఊచలు తుడిచాను. పాలు, కోడిగుడ్లు తెచ్చాను.

బావమరిది పొద్దున్నే ఆఫీసుకి పోతూ వచ్చాడు. నీళ్ళు మరిగితే ఈల వేసే కెటిల్ తెచ్చాడు. టీ తాగాడు. పెద్దగా మాటల్లేవు. చేతులు కడుక్కుంటానని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఉన్నాడు. వచ్చేటప్పుడు ముఖం ఏదోలా ఉంది. "వస్తానమ్మా, వస్తాను బావా" అని గబగబా మెట్లు దిగిపోయాడు.

కాసేపటికి అత్తయ్య కూరకని లోపలికి వెళ్ళారు. ఎంతకీ చప్పుడు లేదు. మళ్ళీ ఏదైనా మర్చిపోయారేమోనని వెళ్ళి చూశాను. అలమర తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరికెళ్ళాను.

లోపల నూనె సీసా మెడలో బావమరిది ఆఫీసు గుర్తింపు కార్డు వేలాడుతోంది. ఫొటో మా వైపు తిరిగి ఉంది, టై కట్టుకుని, చాలా గంభీరంగా. సీసా మూత మీద నిమ్మచెక్క బోర్లించి ఉంది. అతనికి జుట్టు పలచబడి అక్కడ అలాగే మెరుస్తుంది.

అత్తయ్య చెంగు నోట్లో కుక్కుకున్నారు. నేను దగ్గినట్టు చేసి ముందుగదిలోకి వచ్చేశాను. ఎవరం ఏమీ అనలేదు.

ఇందాక ఆవిడే ఫోను చేశారు. స్పీకరు పెట్టుకుంటారు కాబట్టి నాకు వినిపించింది.

"ఏరా, ఆఫీసుకి బాగానే చేరావా?"

"చేరానమ్మా. గేటు దగ్గర ఆపేశారు."

"అయ్యో, ఎందుకని?"

"ఏమోనమ్మా. ఎందుకో మరి."

"ఎండలో నిలబెట్టారా?"

"నిలబెట్టారు."

"సరేలే. జాగ్రత్త" అని పెట్టేశారు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాళ్ళు కుర్చీ కింద చిన్నపిల్లలా ఊగుతున్నాయి. తర్వాత లేచి నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళారు.

కూర ఇంకా కాలేదు. గ్యాసు నేనే కట్టాను. కొత్త కెటిల్ కడిగి పెట్టాను. మాసిన బట్టలు సబ్బునీళ్ళలో నానబెట్టాను, అవి ఉతికి

లోపల స్టూలు జరుపుతున్న చప్పుడు. ఎక్కుతున్నారేమో. చూడకూడదు, వంతు ఆవిడది. కానీ ఆ స్టూలు ఒక కాలు కొంచెం పొట్టి, వెళ్ళి కళ్ళు మూసుకునైనా పట్టుకుని